ఆగడం నేర్చిన అడుగు

డ్రమ్ము కర్ర మొదటిసారి చేతికందిన బడిపిల్లలారా, దసరా దగ్గరపడుతోందని తాలింఖానాలో కర్ర తిప్పుతున్న కుర్రవాళ్లారా, ప్రభ కింద భుజం పెట్టే వయసు వచ్చిన యువకులారా, మీతో ఒక మాట చెప్పాలి. పెద్దవాళ్ల మాట చేదుగానే ఉంటుంది, ఓర్చుకుని వినండి. పదిమందితో కలిసి అడుగు వేస్తే ఒళ్లు పులకరిస్తుందని మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. మేళం వినబడగానే కాలు దానంతటదే కదులుతుంది. నడక ఒంటితోనే పుట్టింది. ఆగడం అలా పుట్టదు. దాన్ని ఒకరు నేర్పాలి, మరొకరు నేర్చుకోవాలి, నేర్చుకున్నాక కూడా మరిచిపోకుండా రోజూ సాధన చేయాలి.

భారతంలో సౌప్తికపర్వం చివర ఒక ఘట్టం ఉంది. రాత్రివేళ నిద్రలో ఉన్నవాళ్లను చంపి పారిపోయిన అశ్వత్థామను పాండవులు వెంటాడి గంగ ఒడ్డున పట్టుకున్నారు. దిక్కుతోచక అతను చేతికందిన గడ్డిపరకను మంత్రించి బ్రహ్మశిరోస్త్రం వదిలాడు. అర్జునుడు ఎదురుగా అదే అస్త్రం వేశాడు. రెండూ కలిస్తే లోకాలు మిగలవని నారదుడూ వ్యాసుడూ వచ్చి నడుమ నిలబడ్డారు. వెనక్కి తీసుకోండి అన్నారు. అర్జునుడు చేతులు జోడించి తీసుకున్నాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. తనకు ఆ శక్తి లేదని తన నోటితోనే ఒప్పుకున్నాడు.

ఇద్దరికీ గురువు ఒకడే, విద్య ఒకటే. పైగా అశ్వత్థామ గురువుగారి కన్నకొడుకు. అడిగిన కొడుక్కి కాదనలేక, మనసు ఒప్పకుండానే ద్రోణుడు ఆ అస్త్రం ఇచ్చాడు. ఎంత ఆపద వచ్చినా మనుషుల మీద వెయ్యవద్దని చెప్పి మరీ ఇచ్చాడు. వెయ్యడం కొడుక్కి వచ్చింది. ఉపసంహారానికి కావలసిన నిగ్రహం రాలేదు. వెనక్కి తీసుకోలేని అస్త్రం ఎక్కడో ఒకచోట పడక తప్పదు కదా, అది ఉత్తర కడుపులోని పసిగుడ్డు మీద పడింది. ఆ కయ్యంలో పాలు లేని, ఇంకా కళ్లు తెరవని ప్రాణి మీద పడింది. ఆగలేనివాడి దెబ్బ ఎప్పుడూ ఎవరికి తగులుతుందో ఆ కథ రాసినవాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు మన బడికి రండి. ఆగస్టు వచ్చిందంటే అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో బడుల ఆవరణల్లో డ్రమ్ముల చప్పుడు మొదలవుతుంది. సామాన్ల గదిలోంచి సైడ్ డ్రమ్ములు బయటికి తీస్తారు, వదులైన బిళ్లలు బిగిస్తారు, తుడిచి పట్టీ వేస్తారు. కొత్తగా చేరిన పిల్లవాడికి డ్రిల్లు మాస్టారు మొదట డ్రమ్ము ఇవ్వరు; రెండు కర్రలిచ్చి బల్ల మీద కొట్టమంటారు. కుడిచేతి కర్ర పట్టు ఒక తీరు, ఎడమచేతి కర్ర పట్టు ఇంకో తీరు. ఎడమచేతి కర్ర బొటనవేలి మొదట్లో ఇమిడేదాకా వేళ్లు నొప్పులు పుడతాయి. ఆ తరవాత డ్రమ్ము భుజానికి వేలాడదీస్తారు. నడుస్తుంటే అది ఎడమతొడకు ఒరుసుకుని తొడ కమిలిపోతుంది. బేస్ డ్రమ్ము దెబ్బ ఎడమకాలు నేలకు ఆనినప్పుడు పడాలి. ఒక్కడు కాలు మార్చుకోకపోతే వరుస మొత్తం కుంటుతున్నట్టు కనబడుతుంది. సైన్యం కవాతులో నిమిషానికి 120 అడుగులు, అడుగుకు 30 అంగుళాలు లెక్క. బడిపిల్లల కాళ్లకు అంత సాగదు కాబట్టి మాస్టారు కాస్త తగ్గిస్తారు, అంతే.

ఈ కష్టమంతా పడ్డాక మాస్టారు అసలు పరీక్ష పెడతారు. బ్యాండు మంచి ఊపు మీద ఉంటుంది, పిల్లల మొహాలు వెలిగిపోతుంటాయి, గోడ అవతల జనం ఆగి చూస్తుంటారు. సరిగ్గా అప్పుడు ‘హాల్ట్’ అంటారు. ఎన్‌సీసీ పిల్లలైతే ‘థమ్’. ఆజ్ఞ వినబడ్డాక ఇంకొక్క అడుగు వెయ్యాలి, రెండో కాలు తెచ్చి చేర్చాలి, ఇక కదలకూడదు. మొదటిరోజు ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. ముందువరుస ఆగుతుంది, రెండోవరుస ముందువాళ్ల వీపులకు గుద్దుకుంటుంది, మూడోవరుసలో ఒక డ్రమ్ము ఒంటరిగా నాలుగు దెబ్బలు ఎక్కువ వాయిస్తుంది, చివర నవ్వు వినబడుతుంది. నెలరోజుల తరవాత ఆ పిల్లలే ఒక్క చప్పుడుతో ఆగుతారు. బ్యాండు ఎంత బాగా వాయించిందో చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉంటారు. ఎలా ఆగిందో చూసి విలువ కట్టేవాడు డ్రిల్లు మాస్టారు ఒక్కడే, నా మాట నమ్మండి, ఆయన లెక్కే సరైనది.

ఇంకో సంగతి గమనించారా? వరుస కట్టించేటప్పుడు మాస్టారు అడిగేది ఎత్తు మాత్రమే. పొడుగువాళ్లు కుడివైపు, పొట్టివాళ్లు ఎడమవైపు. ఇంటిపేరు అడగరు, ఏ పేటనుంచి వస్తున్నావని అడగరు. మన కోనసీమలో పుట్టింది మొదలు పోయేదాకా మనిషిని నిలబెట్టే వరుసలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఎత్తు ఒక్కటే కొలతగా ఉన్న వరుస ఇదొక్కటే. అరగంటసేపే అయినా అది చిన్న విషయం అనుకోకండి.

ఈ బ్యాండు మనకు పరాయి సొత్తని ముక్కు విరిచేవాళ్లున్నారు. నిజమే, ఇత్తడి బూరలూ కవాతు డ్రమ్ములూ కంపెనీ పటాలాలతో వచ్చాయి. మద్రాసు కోటలో కంపెనీ బ్యాండు వాయించిన వరసలు విని ముత్తుస్వామి దీక్షితులంతటివాడు మొహం తిప్పుకోలేదు. వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు చేశాడు. ఇంగ్లండు రాజుగారి స్తుతిగీతం వరస మీద అమ్మవారి కీర్తన కట్టాడు. మంచిది ఎక్కడినుంచి వచ్చినా తెచ్చుకుని మనది చేసుకోవడం పెద్దల పద్ధతి. ఆ తరవాత ఆ బ్యాండు పటాలం వదిలి పెళ్లిళ్లకు వచ్చింది, ఎర్రకోటు తొడుక్కుని మన ఊళ్లలో సన్నాయి మేళం పక్కన నిలబడింది. ఈ చరిత్ర ఇంతకన్నా పొడిగించను.

మనదైన శిక్షణ మాత్రం మన ఇంటి ముందే ఉంది. అమలాపురం దసరా వాహనాల ఊరేగింపు ముందు నడిచే చెడీ తాలింఖానా పందొమ్మిదో శతాబ్దం నాటిదని ఊరు చెప్పుకుంటుంది. మహిపాల వీధి, కొంకాపల్లి వంటి పేటలు ఒక్కొక్కటీ తన వాహనాన్ని, తన తాలింఖానాను తరాలుగా కాపాడుకుంటూ వస్తున్నాయి. తాతలు తిప్పిన కర్ర మనవలు తిప్పుతున్నారు. డప్పు మోగుతుంటే కర్రసాము, కత్తిసాము, బల్లెం, నిప్పుతో విన్యాసాలు వరసగా సాగుతాయి. అన్నిటికన్నా జనం ఊపిరి బిగబట్టి చూసేది ఒకటుంది. ఒకడు నేలమీద వెల్లకిలా పడుకుంటాడు. వాడి ఛాతీమీద, మెడమీద కాయలు పెడతారు. రెండోవాడికి కళ్లకు గంతలు కడతారు. చేతిలో కత్తి. డప్పు జోరు పెరుగుతుంది. కత్తి లేస్తుంది, దిగుతుంది, కాయ రెండు చెక్కలవుతుంది, కింద చర్మం మీద గీత కూడా పడదు.

జనం చప్పట్లు కొట్టేది కాయ తెగినందుకు. కాయ తెగడంలో ఏముంది, కూరలు తరిగే కత్తిపీటకూ అది తెగుతుంది. ఆ కుర్రవాడు ఏళ్ల తరబడి తాలింఖానాలో నేర్చినదంతా కాయ తెగిన తరవాతి వెంట్రుకవాసిలో ఉంది. దిగే కత్తి చర్మాన్ని అంటకముందు ఆగాలి. కళ్లు కనబడవు, చెవుల్లో డప్పు హోరు, చుట్టూ వేలమంది అరుపులు, వీధి పరువంతా మణికట్టు మీద ఉంటుంది. అయినా చెయ్యి ఆగుతుంది. కింద పడుకున్నవాడు కదలకుండా పడుకోగలగడం కూడా ఆ నమ్మకంతోనే. నాయనలారా, ఆ పడుకున్నవాడి గురించి ఆలోచించండి. కర్ర పట్టినవాడూ కత్తి పట్టినవాడూ ఎవడైనా సరే, వాడి ఎదురుగా వాడు ఆగుతాడన్న నమ్మకం మీద బతుకుతున్న మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు.

జగ్గన్నతోట సంగతీ ఇంతే. కనుమనాడు మొసలపల్లి దగ్గర ఆ తోటకు పదకొండు ఊళ్లనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, ఒక్కో ఊరిది ఒక్కో ప్రభ. 2023 గణతంత్ర దినాన ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద మన రాష్ట్రం శకటంగా పంపింది ఈ ప్రభల తీర్థాన్నే. అక్కడ అది సైనిక బ్యాండ్ల నడుమ చక్రాల మీద సాగింది. ఇక్కడ అది మనుషుల భుజాల మీద సాగుతుంది. చేల గట్లమీద, పచ్చని వరి మీదుగా, కొబ్బరితోటల్లోంచి వస్తుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికలో దిగి నీళ్లలోంచి దాటుతుంటే చూడాలని ఒడ్డున జనం పొద్దుటినుంచి కాచుకుని ఉంటారు. నీటి అడుగున బురద, పైన ఊగే ప్రభ. ఆ సమయంలో మోసేవాళ్లకు తమ కళ్లతో పని లేదు. ముందు నిలిచి చెప్పేవాడి గొంతే దిక్కు. ‘ఆగు’ అని అతనంటే భుజం మీద ఎంత బరువున్నా, కాలు ఎంత తొందరపడినా ఆగాలి. ఒకడు ముందుకు లాగితే ప్రభ వాలిపోతుంది. ఆ గొంతు గలవాడు ఊళ్లో పెద్ద ఆస్తిపరుడు కానక్కర్లేదు. పదవి ఉన్నవాడూ కానక్కర్లేదు. అతని మాట వింటారన్న పేరుంటే చాలు.

ఇన్ని పాఠశాలలున్న సీమ మనది. బడిలో డ్రిల్లు, వీధిలో తాలింఖానా, పండగకు ప్రభ, అగ్రహారాల్లో ఒక్క స్వరం తప్పితే చేత్తో ఆపి మొదటినుంచి చెప్పించే వేదపాఠం. ఇంత శిక్షణ ఉన్న గడ్డ మీద 2022 మే 24 ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తప్పించుకుని పక్కనుంచి పోవడం నా వల్ల కాదు కాబట్టి చెబుతున్నాను.

ఆ ఏడాది ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు చేరుస్తామని ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చింది. మే 24న అభ్యంతరం చెప్పడానికని అమలాపురంలో వీధికెక్కిన జనం, సాయంత్రానికి ఒక మంత్రి ఇంటికీ ఒక శాసనసభ్యుడి ఇంటికీ బస్సులకూ నిప్పు పెట్టిన జనం అయింది. పోలీసులు గాయపడ్డారు. ఊరిమీద ఆంక్షలు పడ్డాయి. రోజుల తరబడి ఇంటర్‌నెట్ లేదు. కేసుల్లోకి ఎక్కిన పేర్లలో కుర్రవాళ్లవి ఉన్నాయి, మీలాంటి కుర్రవాళ్లవే. దసరాకు ఇవే వీధుల్లో వాళ్లు వాహనం ముందు నడిచి ఉంటారు. అడుగు కలపడం వాళ్లకు వచ్చు. కేక కలపడమూ వచ్చు. లాకులు లేని కాలువకు గోదావరి నీళ్లు వదిలినట్టయింది ఆ రోజు. ఏ కూడలిలోనూ ‘ఆగండి’ అని ఒక్క గొంతు గట్టిగా లేవలేదో, లేచినా విన్నవాడు లేడో! రెండిట్లో ఏది నిజమైనా మన పెంపకానికి తలవంపే. అభ్యంతరం ఉంటే కాగితం మీద రాసి ఇవ్వమని ప్రభుత్వమే గడువు ఇచ్చింది. ఇవ్వవచ్చు. నడవవచ్చు. నినాదం చెయ్యవచ్చు. నిప్పుపెట్టె తీసినచోట ఆ నడక అయిపోయింది. ఆ పైన జరిగినది కవాతూ కాదు, పౌరుషమూ కాదు.

ఎవరి పేరు మీద ఆ మంట రేగిందో ఆయన జీవితంలోనే దానికి జవాబు ఉంది. మీలో ఎందరికి తెలుసో గాని, తెలియనివాళ్లకోసం కాస్త వివరంగా చెబుతాను.

అంబేడ్కర్ సైనికుడి బిడ్డ. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆ ఇంట కవాతు అంటే ఏమిటో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో ఆయన వేలమందిని వరుసలు కట్టించి చౌదార్ చెరువుకు నడిపించాడు. పశువులు తాగే నీళ్లు అంటరానివాళ్లని ముద్రపడ్డ మనుషులు తాగకూడదన్న చోట దోసిలితో నీళ్లు తాగారు. తాగి, వచ్చినట్టే వరుసగా వెనక్కి తిరిగారు. ఆ తరవాత ఊళ్లో పుకారు పుట్టింది, గుడిలోకి చొరబడబోతున్నారని. కర్రలతో వచ్చినవాళ్లు అన్నం తింటున్నవాళ్లను, ఊళ్లకు తిరిగిపోతున్నవాళ్లను పట్టుకుని కొట్టారు. అంబేడ్కర్ మనుషుల్లో పటాలంలో పనిచేసి వచ్చినవాళ్లున్నారు; దెబ్బకు దెబ్బ తియ్యడం వాళ్లకు చేతకాక కాదు. ఆయన ఒక్కమాట అంటే చాలని ఎదురుచూశారు. ఆయన ఆ మాట అనలేదు. ఆగమన్నాడు. ఆగారు.

అంతకన్నా కష్టమైన ఆగడం అదే ఏడాది డిసెంబరులో వచ్చింది. మళ్లీ చెరువుకు వెళ్లి హక్కు నిలబెట్టుకోవాలని జనం పోగయ్యారు. జైలుకు సిద్ధమని దాదాపు నాలుగు వేలమంది పేర్లు రాయించుకున్నారు. ఈలోగా ఎదుటిపక్షం కోర్టుకు పోయి నిషేధపుటుత్తర్వు తెచ్చింది. పందిట్లో వేలగొంతులు ‘పోదాం’ అంటున్నాయి. అంతదూరంనుంచి కాలినడకన వచ్చినవాళ్లు, ఇళ్లల్లో చెప్పి వచ్చినవాళ్లు, అవమానం తిని తిని విసిగినవాళ్లు. వాళ్లమీద ఎవరు జాలిపడి ఆగమన్నా కోపమే వస్తుంది. అంబేడ్కర్ లేచి సత్యాగ్రహం వాయిదా వేద్దామన్నాడు. మన పోరాటం ఊరి పెత్తందార్లతోనే గాని చట్టంతో కాదని వాళ్లకు నచ్చజెప్పాడు. తరవాత ఊరేగింపు మాత్రం జరిగింది. బారులు తీరి వీధుల్లో నడిచారు, చెరువు చుట్టూ తిరిగారు, నీళ్లు ముట్టకుండా వెనక్కి వచ్చారు.

ఈ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం నిలవండి. దాహం కోసం, పరువు కోసం వచ్చిన వేలమంది ఆ నీటి పక్కనుంచే నడిచారు. చెయ్యి చాపితే అందే దూరం. ఒక్కడు వరుస తప్పినా అంతా చెదిరిపోయేది. చెదరలేదు. పదేళ్లు కోర్టుల్లో వ్యాజ్యం నడిచింది, 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు ఆ చెరువు మీద వాళ్ల హక్కును నిలబెట్టింది. భారతంలో అర్జునుడు చేసిన పని అదే. సంధించినదాన్ని, సంధించే హక్కు ఉండి కూడా, చేతులు జోడించి వెనక్కి తీసుకోవడం. అమలాపురం వీధుల్లో ఆ రోజు ఎవరి పేరు వద్దని అరిచారో, ఆయన దగ్గర మనం నేర్చుకోవలసిన మొదటి పాఠమే మనకు రాలేదని ఆ సాయంత్రం బయటపడింది. జిల్లాకు ఆ పేరు చివరికి స్థిరపడింది. అది పలకమీద ఉంది. మీరు బడికి పోతూ రోజూ చదువుతున్నారు. ఇక దాని కింద నిలబడగల నడవడి మీరు తెచ్చుకోవాలి.

మనవాళ్లలో ఆపగలిగినవాళ్లు లేరని అనడం లేదు. గోదావరి అవతల కాకినాడలో 1923 డిసెంబరులో కాంగ్రెసు మహాసభ జరిగింది. పక్కనే ఖాదీ ప్రదర్శన. ద్వారం దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ల రాజమండ్రి పిల్ల నిలబడింది. టికెట్ లేనివాళ్లను లోపలికి వదలవద్దని ఆమెకు ఇచ్చిన ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. టికెట్ లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి ఎవరనుకున్నావని గద్దించినా వినలేదు. వాళ్లు టికెట్ కొన్నాకే దారి ఇచ్చింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నాడు. ఆ పిల్ల పేరు దుర్గాబాయి; తరవాత రాజ్యాంగసభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్. అమ్మాయిలారా, ఇది మీకు ప్రత్యేకం చెబుతున్నాను. బ్యాండులో మీరు ముందు నడుస్తున్నప్పుడు మీ చేతిలోని దండం అందానికి ఇచ్చినది కాదు. అది లేచినప్పుడు పాట మొదలవుతుంది, మీరు దించినప్పుడు పాట ఆగాలి. పక్కన ఎంత పెద్దమనిషి నిలబడి ఇంకొంచెం వాయించమన్నా సరే.

అడుగు కలిస్తే మనసు ఎందుకు పొంగుతుందో విచారించినవాళ్లున్నారు. విలియం మెక్‌నీల్ అనే అమెరికా చరిత్రకారుడు 1941లో సైన్యంలో చేరి, తుపాకీ సరిగా లేని శిబిరంలో గంటల తరబడి ఉత్త కవాతు చేశాడట. పనికిమాలిన పని అనుకుంటూనే అందులో చెప్పలేని హాయి అనుభవించాడు. ఆ తరవాత యాభై ఏళ్లకు పైగా గడిచాక, 1995లో, మనుషులు కలిసి అడుగు వెయ్యడం మీద ఒక పుస్తకమే రాశాడు. ఆ హాయికి మంచీ చెడూ తెలియవని అందులో ఆయన దాచలేదు. న్యూరెంబర్గ్ మైదానంలో హిట్లర్ ముందు నడిచిన లక్షలమంది కాళ్లకూ అదే హాయి. మీ ఒళ్లు పొంగింది కదా అని మీరు చేస్తున్నది మంచిపని అనుకోవద్దు. పొంగు మేళానిది. మంచిచెడ్డల విచారణ మీది.

బడి పౌరుషం అంటారు, వీధి పౌరుషం అంటారు. ఉండాలి. మా బడి, మా వీధి అన్న అభిమానం లేనివాడు కమిలిన తొడతో తెల్లవారుజామున లేచి సాధనకు రాడు. అయితే పోటీల్లో అవతలి బడి బ్యాండు వాయిస్తున్నప్పుడు మీరు ఎలా నిలబడ్డారన్నది చూస్తే మీ బడి తెలిసిపోతుంది. వాళ్లు తాళం తప్పినప్పుడు ఈలవేసిన బడి, కప్పు గెలిచినా ఓడినట్టే. రెండు వీధుల వాహనాలు ఒక కూడలిలో ఎదురైతే ముందు మీరు దారి ఇవ్వండి. ఇచ్చి నష్టపోయిన వీధి ఏదీ లేదు.

మేళగాళ్ల సంగతి చెప్పకుండా ఈ మాట ముగించలేను. మీ అడుగుకు తాళం ఇచ్చేది డప్పు, డోలు, సన్నాయి, బ్యాండు. వాటిని వాయించేవాళ్ల ఇళ్లు చాలా ఊళ్లలో ఊరి చివరే ఉన్నాయి. ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేది వాళ్లు, విస్తరి దగ్గర అందరికన్నా వెనక కూర్చునేదీ వాళ్లే. బాకా ఊదినవాడి పెదవి పగిలి ఉంటుంది, డప్పు వేడి చెయ్యడానికి మంట దగ్గర కూర్చున్నవాడి కళ్లు ఎర్రబడి ఉంటాయి. వాళ్లను నువ్వు, ఒరే అని పిలిచే కుర్రవాళ్లను నేను చూస్తుంటాను. వాళ్లలో మీ తండ్రి వయసువాళ్లుంటారు. ‘మీరు’ అనండి. మంచినీళ్లు అడక్కముందే ఇవ్వండి. మాట్లాడుకున్న డబ్బు పొద్దున్నకు అని సాగదీయకుండా ఆ రాత్రే చేతిలో పెట్టించండి. డీజే పెట్టెలు అద్దెకు తెచ్చి వీళ్లను మానిపిస్తున్న కమిటీలకు ఒక్క ప్రశ్న: ఆ పెట్టెకు అలుపు రాదు, ఎదుట పసిపాప ఉలిక్కిపడ్డా, ఇంట్లో రోగి మూలిగినా దానికి కనబడదు. అటువంటిదాన్ని మీ పిల్లల ముందు నడిపించి, పిల్లలు ఆగడం నేర్చుకోలేదని రేపు ఎవరిని అడుగుతారు?

బడి నడిపే పెద్దలకూ చెప్పవలసి ఉంది. పదో తరగతి మార్కుల కోసం డ్రిల్లు పీరియడు కోసేస్తున్నారు. బిళ్ల చిరిగిన డ్రమ్ములు సామాన్ల గదిలో పడి ఉంటున్నాయి, జెండా పండగకు వారం ముందు బయటికి వస్తున్నాయి. వారంరోజుల్లో పిల్లలకు వాయించడం వస్తుంది. నడవడమూ వస్తుంది. ఆగడం రాదు, దానికి ఏడాది పడుతుంది. పార్టీల పెద్దలారా, మీ సభకు జనం తక్కువపడ్డారని ఈ పిల్లలను వరుసకట్టించి తీసుకుపోకండి. మీరు నేర్పేది సగం అస్త్రం. దాని రెండో సగం మీ దగ్గర కూడా లేదు.

ఈ దసరాకు తాలింఖానాలో, వచ్చే ఆగస్టుకు బడిలో ఒక పని చెయ్యండి. సాధన మొదలైన రోజే, ఎవరి మాటకు అందరూ ఆగుతారో ఆ ఒక్కరిని నిర్ణయించుకోండి. వయసు చూడకండి, కులం చూడకండి, ఇంటి హోదా చూడకండి. ఆ మనిషి తాను కోపంలో ఉన్నప్పుడు ఎలా ఉంటాడో చూడండి. ఆ తరవాత ప్రతి సాయంత్రం, మేళం బాగా కుదిరి, చూసేవాళ్లు చప్పట్లు కొడుతూ, ఎవరికీ ఆగాలని లేనప్పుడు, ఒకసారి ఆపించండి. ఎప్పుడు ఆపుతారో ముందు చెప్పకండి. రెండడుగులు ఎక్కువ వేసినవాణ్ణి తిట్టకండి, నలుగురిలో నవ్వకండి, వరుసలోంచి తీసెయ్యకండి. వాడితోపాటు అందర్నీ వీధి మొదటికి తీసుకుపోయి అక్కణ్ణుంచి మళ్లీ నడిపించండి.